ఇంగువ వాసనకి ఆగిన జింక

మా అమ్మాయి మాంసం మానేసింది నా చేతి వంట నచ్చక కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఎవరింట్లోనైనా ఈ సంగతి వచ్చినప్పుడల్లా అందరూ ఒకసారి నావైపు జాలిగా చూస్తారు. తను కాలేజీలో చేరిన కొత్తల్లో సెలవులకి ఇంటికొచ్చింది. నేను పొద్దుటి నుంచి కాళ్లు పీక్కుపోయేలా నిలబడి చేసిన మటన్ వేపుడు ముందు కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

“అమ్మా, నేను ఒక ఆనిమల్‌ని చంపగలనో లేదో నాకు తెలీదు. అది తెలిసేదాకా మీట్ తినను,” అంది.

“నిన్నెవరు చంపమన్నారే? చంపేవాళ్లు చంపారు, కోసేవాళ్లు కోశారు, కవర్లో పెట్టి ఇచ్చారు. నువ్వు చేయాల్సింది తినడమేగా?”

“అదే అమ్మా ప్రాబ్లం.”

అలిగితే బతిమాలుకునేదాన్ని. ఒంట్లో బాగోలేకపోతే ఊరుకునేదాన్ని. ఇది అలకా కాదు, జబ్బూ కాదు, తనకి తాను పెట్టుకున్న పరీక్ష. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏళ్ల తరబడి వాషింగ్టన్ రాష్ట్రం రెడ్‌మండ్‌లో కూర్చుని ఇతరుల పనిలో తప్పులు వెతికి జీతం తీసుకుంటున్నదాన్ని. మా అమ్మాయి మాటలో తప్పు వెతకడానికి చాలా రోజులు ప్రయత్నించాను. దొరకలేదు. అందుకే మరీ ఒళ్లు మండింది. అప్పటి నుంచి తను ఇంటికి వస్తే మా వంటింట్లో రెండు కూరలు, రెండు గరిటెలు. తన కంచంలో పప్పు చూస్తూ నా కంచంలో మాంసం తింటుంటే నాకు ముద్ద దిగేది కాదని చెప్పను. దిగేది. కానీ వండిన సంబరం ఉండేది కాదు.

ఆ పరీక్ష ఎక్కడ రాయాలో చెప్పింది తన రూమ్మేట్. వాళ్లది తూర్పు వాషింగ్టన్. ఏటా ఆకులు రాలే కాలంలో కుటుంబమంతా కొండల్లోకి జింకల వేటకి వెళ్తారు, తెచ్చిన మాంసం చలికాలమంతా తింటారు. మా అమ్మాయి వేట నేర్పే క్లాసులో చేరింది, పాసైంది, రైఫిల్ కొనుక్కుంది, శనివారాలు రేంజ్‌కి వెళ్లి కాల్చడం సాధన చేసింది. రైఫిల్ ఇంట్లోకి వచ్చిన రోజు మా ఆయన మొహం చూడాలి. ఆయనది వరంగల్. గొంతు పెద్దది, గుండె మాత్రం పిట్టంత.

“మన దిక్కు జింకని ముట్టుకుంటే జైల్ల ఏస్తరు బిడ్డా. దీనితోని మన సిటిజన్‌షిప్‌కి ఏమన్న ఎఫెక్ట్ అయితదా?” అని అడిగారు.

“నాన్నా, ఇక్కడ లీగల్. లైసెన్స్ ఉంది, ట్యాగ్ ఉంది. ఒక ట్యాగ్‌కి ఒక డీర్. అంతే.”

వీసా, గ్రీన్‌కార్డ్ అంటూ సగం జీవితం బిక్కుబిక్కుమంటూ గడిపిన మనిషి, ఆ మాటతో కాస్త కుదుటపడ్డారు.

మొదటి ఏడు రూమ్మేట్ వాళ్లతో వెళ్లి, కొమ్ముల జింక ఒక్కటీ కనబడక ఉత్త చేతులతో వచ్చింది. రెండో ఏడు కనబడింది. రైఫిల్ ఎత్తింది, గురి చూసింది, దించేసింది. ఆ సంగతి ఫోన్లో చెప్పింది. తర్వాత, “నెక్స్ట్ ఇయర్ లాస్ట్ అమ్మా. అప్పుడు కూడా చేయలేకపోతే ఇంక లైఫ్‌లో తినను,” అంది. తను అన్నదంటే అన్నట్టే. పట్టుదలలో అచ్చం నా పోలిక.

పోయిన అక్టోబర్లో రూమ్మేట్ పెళ్లి పనుల్లో పడి రాలేనంది. మా అమ్మాయి ఒక్కతే వెళ్తానంది. ఎలుగుబంట్లు తిరిగే కొండల్లోకి ఆడపిల్లని ఒక్కదాన్ని ఎలా పంపుతాం? మేమూ వస్తామన్నాం. అలా మా ముగ్గురి మొదటి వేట ప్రయాణం కుదిరింది. నా మనసులో ఏముందో ఇక్కడే చెప్పాలి. పిల్ల మళ్లీ నా చేతి మాంసం కూర తినాలని నాకు ప్రాణం కొట్టుకునేది. అదే పిల్ల చేతుల మీదుగా ఒక ప్రాణం పోవాలంటే మాత్రం నాకు భయం వేసేది. పిల్ల తినాలి, ప్రాణం పోకూడదు. ఈ రెండూ ఒకేసారి జరగవని తెలిసి కూడా రెండింటికీ మొక్కుకున్నాను.

నెల ముందు నుంచే మా అమ్మాయి ఇంట్లో అధికారం చేతుల్లోకి తీసుకుంది. జింకకి కళ్లకంటే ముక్కు ముఖ్యమట. మనిషి కనబడినా ఒక్కోసారి నిలబడుతుందట కానీ వాసన తగిలితే ఇక ఆగదట. మా బట్టలన్నీ వాసన లేని సబ్బుతో ఉతికి, ఫిర్ చెట్టు రెమ్మలు వేసిన డబ్బాల్లో పెట్టి మూత బిగించింది. తలకి నూనె వద్దు, మొహానికి పౌడర్ వద్దు, బయల్దేరే వారం దేవుడి దగ్గర వెలిగించే అగరబత్తి కూడా గరాజ్‌లో వెలిగించుకోమంది. తిండికి వేడినీళ్లు పోస్తే అన్నమయ్యే పొట్లాలు కొంది. కొండమీద తనతో కూర్చోవడానికి నాన్న. గుడారం దగ్గర కాపలాకి నేను. కాల్చే చోట నేను ఉండక్కర్లేదని తేలగానే నాకు మహా సంతోషం కలిగింది.

మా ఆయన మాత్రం అన్నిటికీ తలూపి, బియ్యం, చింతపండు గుజ్జు, నూనె, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ డబ్బా తన స్లీపింగ్ బ్యాగులో చుట్టుకుని తెచ్చారు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు.

రెడ్‌మండ్ నుంచి కార్‌లో కనుమ దాటి అవతలి వైపు దిగితే లోకమే మారిపోతుంది. మా వైపు ఎప్పుడూ వాన, ఎప్పుడూ పచ్చదనం. అటు ఎండు గడ్డి, పెద్ద ఆకాశం. రోడ్డు అయిపోయిన చోట కారు ఆపి, సంచులు వీపున వేసుకుని, వాగు వెంబడి సగం రోజు నడిచాం. ఫోన్లో సిగ్నల్ ఎప్పుడు పోయిందో మా ఆయన మాత్రమే గమనించారు, పైకే బాధపడ్డారు. నేను తలెత్తి చూస్తూ నడిచాను. కొండ పైభాగమంతా పసుపు. పైన్ చెట్ల జాతే కానీ, లార్చ్ అనే ఈ చెట్లకి చలికాలం ముందు ఆకులన్నీ పసుపెక్కి రాలిపోతాయట. ఎండ పడిన చోట ఎవరో కొండకి పసుపు రాసినట్టే ఉంది. ఇన్నేళ్లుగా ఇంత దగ్గర్లో ఉండి నేనిది ఎందుకు చూడలేదా అని నామీద నాకే కోపం వచ్చింది.

వాగు ఒడ్డున గుడారం వేశాం. పక్కనే నాలుగు తాళ్లతో ఒక టార్పాలిన్ కట్టాం, అదే మా వంటిల్లు. వాళ్లిద్దరూ రోజూ చీకటితోనే కొండెక్కడం, మధ్యాహ్నం దాటాక వాడిపోయిన మొహాలతో దిగడం. ఆడ జింకలు కనబడ్డాయి, పిల్లలు కనబడ్డాయి. అక్కడి నియమం ప్రకారం కొట్టదగినది మగ జింక, అదీ కొమ్ముకి కనీసం మూడు కొనలు ఉన్నది. అలాంటిది రాలేదు. చివరి రోజుకి ముందు సాయంత్రం జల్లు పడింది. తడిసిన జాకెట్లు రెండూ టార్పాలిన్ కింద ఆరేసుకున్నారు. నేను మాత్రం చలికి తట్టుకోలేక రెండు జాకెట్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని స్లీపింగ్ బ్యాగులో దూరాను. తండ్రీకూతుళ్లు నన్ను చూసి తెగ నవ్వారు.

తెల్లవారకముందే నాకు మెలకువ వచ్చింది. ఆవాలు చిటపటలాడుతున్నాయి. వెంటనే ఇంగువ ఘాటు ముక్కుకి తగిలింది. ఒక్క క్షణం మా వంటింట్లోనే ఉన్నాననుకుని హాయిగా పక్కకి తిరిగాను. మరుక్షణం మా అమ్మాయి స్ప్రింగులా లేచి కూర్చుంది.

“నాన్నా! ఏం చేస్తున్నావ్?”

“పులిహోర బిడ్డా,” అన్నారు ఆయన బయటి నుంచి, ఎంతో మురిపెంగా. “లాస్ట్ రోజు గదా, కడుపు నిండ తిని పోవాలె. ఆ పొట్లాలు తినీ తినీ నీ మొకం గింతైంది.”

గుడారం జిప్ తీసి చూశాం. టార్పాలిన్ కింద చిన్న స్టవ్, దాని మీద మూకుడు, దాని మీద పొగ, ఆ పొగకి సరిగ్గా పైన వాళ్లిద్దరి జాకెట్లు. మా అమ్మాయి తన జాకెట్ తీసి మొహానికి ఆనించుకుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నెలరోజుల ఉతుకుడు, ఫిర్ రెమ్మలు, గరాజ్‌లో అగరబత్తి, అన్నీ ఒక్క పోపుతో పోయాయి.

మా ఆయన గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయారు. “గాలికి స్టవ్ ఆరిపోతుంటే దీని కింద పెట్టిన... జాకెట్లు యాదికి రాలే,” అన్నారు. పోపు మాడుతున్న వాసన కూడా వచ్చింది.

“ఏవండీ, మీకు పులిహోర తప్ప ఇంకేమీ గుర్తుండదా?” అని నేను మొదలుపెట్టబోయాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. నన్ను పైనుంచి కిందికి చూసి, నా మెడ దగ్గర వాసన చూసింది.

“అమ్మా, రాత్రంతా బ్యాగ్‌లోనే ఉన్నావు కదా. నీకు స్మెల్ లేదు. నీ పై జాకెట్ నాకివ్వు. నువ్వే నాతో రా.”

“నేనా?”

“ఇక్కడ నువ్వొక్కదానివే క్లీన్.”

అలా నేను వద్దనుకున్న చోటికి, నా చలి పుణ్యమా అని, నేనే వెళ్లాల్సి వచ్చింది. గుడారంలో ఉన్న నారింజ రంగు చొక్కాలు పైన తగిలించుకుని బయల్దేరాం. వేటకాళ్లు ఒకరినొకరు చూసుకోవడానికి వేసుకునే చొక్కాలవి. జింకకి ఆ రంగు పెద్దగా తెలియదట. మా ఆయన ఇద్దరికీ చేతులు ఊపారు. తిట్లు తిన్నా బాగుండేదన్నట్టుంది ఆయన మొహం.

కొండ ఎక్కుతుంటే నా గుండె చప్పుడు నాకే వినబడింది. వాలులో సగం ఎత్తున ఒక పెద్ద బండ ఉంది. దాని చాటున కూర్చున్నాం. ముందు ఒక గడ్డి మైదానం, దాని పైన లార్చ్ చెట్ల వరస. గడ్డి పోచ పోచకీ మంచు పట్టి ఉంది. మా అమ్మాయి చిన్న సీసా తీసి నొక్కింది. తెల్లటి పొడి కాస్త గాల్లోకి లేచి, మెల్లగా కొండ కిందికి జారిపోయింది.

“చూడు, ఇప్పుడు చల్లగా ఉంది కదా, గాలి కిందికి వెళ్తోంది. మన స్మెల్ కూడా కిందికే. డీర్ పైన ఉంటాయి. సో మనం సేఫ్. సన్ వచ్చాక గాలి టర్న్ అయి పైకి వెళ్తుంది. అప్పటిదాకానే మనకి టైమ్,” అని నా చెవిలో చెప్పింది. తర్వాత నా చెవుల్లో శబ్దం తగలకుండా రెండు బిరడాలు పెట్టింది. చిన్నప్పుడు తనకి నేను స్వెట్టర్ టోపీ సర్దినట్టే సర్దింది.

ఇక కూర్చోవడం. నాకు ఊరికే కూర్చోవడం రాదు. ఇంట్లో కూర్చుంటే ఒక చేతిలో ఫోన్ ఉంటుంది, మీటింగ్‌లో కూర్చుంటే పక్క విండోలో ఇంకో పని ఉంటుంది. ఇక్కడ కదలకూడదు, దగ్గకూడదు. కాసేపు మోకాళ్లు గోల పెట్టాయి, తర్వాత అవీ ఊరుకున్నాయి. తూర్పున ఆకాశం తేటపడింది. ముందు కొండ కొసలు కనబడ్డాయి, తర్వాత చెట్లు, తర్వాత చెట్ల రంగు. వెలుతురు పైనుంచి కిందికి మెట్టు మెట్టు దిగుతూ మావైపే వచ్చింది. దూరంగా ఏదో పక్షి అరుపు బిరడాల్లోంచే సన్నగా ఒక్కసారి వినబడి ఆగిపోయింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నానని పళ్లకి చలి తగిలాక తెలిసింది. ఈ భూమ్మీద ప్రతి ఉదయం ఇదంతా జరుగుతోంది, నేను మాత్రం ఇన్నాళ్లూ ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలేసి కూర్చున్నాను. భక్తి అంటే ఏమిటో నాకు గుళ్లో కంటే ఆ బండ చాటునే ఎక్కువ అర్థమైంది.

రెండు ఆడ జింకలు, వెనక ఒక పిల్ల, చెట్లలోంచి వచ్చి గడ్డి మేశాయి. చెవులు ఎంత పెద్దవో! ఒక్కో చెవి ఒక్కో వైపు తిరుగుతోంది. నా ఊపిరి కూడా వాటికి వినబడుతుందేమోనని భయపడ్డాను. అవి మేసి, తీరిగ్గా అవతలికి వెళ్లిపోయాయి. ఎండ మైదానమంతా పరుచుకుంది. గడ్డి మీద మంచు కరిగి మెరిసింది. కొమ్ముల జింక రాలేదు.

మా అమ్మాయి మళ్లీ సీసా నొక్కింది. పొడి ఒక్క క్షణం ఎటూ పోకుండా ఆగి, పైకి లేచింది. తను కళ్లు మూసుకుంది. గాలి తిరిగిపోయింది. ఇక మా వాసన చెట్లలోకి పోతుంది.

సరిగ్గా అప్పుడే వచ్చింది అది. చెట్ల వరసలోంచి ఒంటరిగా, తొందర లేకుండా. ముందు నాకు కొమ్మలు కదిలినట్టు అనిపించింది. తర్వాత ఆ కొమ్మల కింద మొహం కనబడింది. మా అమ్మాయి బైనాక్యులర్స్‌లో చూసి, నాలుగు వేళ్లు చూపించింది. కొమ్ముకి నాలుగు కొనలు. మెడ నిండా బలిసి, బూడిద రంగు ఒంటి మీద ఎండ పడుతూ, ఆ కొండ తనదే అన్నట్టు నడిచి వస్తోంది. జంతుప్రదర్శనశాలలో జింకల్ని చూశాను, మా పెరట్లోకి వచ్చి గులాబీలు తినే వాటినీ చూశాను. అవి జింకలైతే దీనికి ఇంకేదో పేరు ఉండాలి. ఒళ్లంతా గగుర్పొడిచింది.

అప్పుడే నా ముక్కుకి సన్నగా తగిలింది ఇంగువ. కింద వాగు దగ్గర మా ఆయన, మాడిన పోపు పారబోసి మళ్లీ పెట్టారట. ఆ సంగతి తర్వాత చెప్పారు. ఎండకి పైకి లేచిన గాలి ఆ ఘాటుని కొండ వాలంతా మోసుకొచ్చింది. మా అమ్మాయికీ తగిలింది. నావైపు చూసింది. ‘అయిపోయింది’ అన్నట్టు పెదాలు కదిపింది.

జింక ఆగింది. తలెత్తింది. ముక్కు పైకి పెట్టి గాలిని పీల్చింది. పారిపోలేదు. మనిషి వాసన దానికి తెలుసు, ఎలుగు వాసన తెలుసు, పొగ తెలుసు. వేడి నూనెలో పడిన ఇంగువ ఆ కొండ మీద ఏ జింకకీ తాతల కాలం నుంచి తెలిసి ఉండదు. ఒక ముందుకాలు ఎత్తి నేల మీద గట్టిగా కొట్టింది. చెవులు రెండూ ముందుకి తెచ్చింది. మళ్లీ పీల్చింది. దానికి అర్థం కావడం లేదు, కదలడం లేదు. మైదానం నడుమ, ఎండలో, మాకు పక్కకి తిరిగి నిలబడిపోయింది.

మా అమ్మాయి రైఫిల్ బండ మీద ఆనించింది. ముందటి ఏడు హడావిడిలో చేయలేకపోయానని తనని తాను సమాధానపరచుకుని ఉండొచ్చు. ఈసారి ఆ సాకు లేదు. కావలసినంత సమయం ఉంది. తన వీపు పైకీ కిందికీ కదలడం చూస్తున్నాను. నేను అక్కడ కూర్చుని ఏం కోరుకున్నానో దాచను. ‘వద్దమ్మా, కొట్టకు,’ అని మనసులో అరిచాను. ఎప్పటికీ పప్పే వండిపెడతాను, రెండు గరిటెలు కాదు ఒక్క గరిటే చాలు, దాన్ని పోనీ అని దేవుళ్లందరికీ చెప్పుకున్నాను. అంత అందమైనది నా జీవితంలో ఇంకోటి నాకు అంత దగ్గరగా నిలబడలేదు.

తన వీపు కదలడం ఆగింది. చప్పుడు కొండలకి తగిలి తిరిగి మా మీదికే వచ్చింది. జింక ఒక్కసారి ఎగిరింది, చెట్లవైపు కొన్ని అంగలు వేసింది, ముందుకాళ్ల మీద కూలింది. మళ్లీ లేవలేదు.

మా అమ్మాయి రైఫిల్‌లోంచి తూటాలు తీసేసి పక్కన పెట్టింది. అప్పుడు వణుకు మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను గట్టిగా పట్టుకున్నాను. “చేశాను అమ్మా,” అంది. గెలిచినట్టు అనలేదు. పరీక్ష రాసి బయటికొచ్చినట్టూ అనలేదు. ఇక వెనక్కి తీసుకోలేని పని చేసినట్టు అంది. నియమం ప్రకారం చాలాసేపు ఆగి, అప్పుడు దగ్గరికి వెళ్లాం. పుల్లతో కంటి దగ్గర తాకి చూసింది. కదలలేదు.

దగ్గరగా చూస్తే దాని కంటి రెప్పలకి పొడుగాటి వెంట్రుకలు ఉన్నాయి. ముక్కు ఇంకా తడిగానే ఉంది. మూతి అంచున నమలకుండా మిగిలిన గడ్డి పోచ ఉంది. మా అమ్మాయి చేతి తొడుగులు తీసేసి మెడ మీద చెయ్యి వేసింది. నన్ను కూడా వేయమంది. వేశాను. వేడిగా ఉంది. నేను ఇన్నేళ్లలో ఎంత మాంసం కడిగి ఉంటాను, కోసి ఉంటాను! ఒక్కసారి కూడా అది నా చేతికి వేడిగా తగల్లేదు.

నా చేతులు వాటంతటవే పని చేశాయి. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, దాని దవడ కాస్త ఎత్తి, నోట్లో నీళ్లు పోశాను. సగం బయటికే కారిపోయాయి. మళ్లీ పోశాను.

“ఏం చేస్తున్నావమ్మా?”

“పోయేవాళ్ల నోట్లో నీళ్లు పోస్తామే మనం. దాహంతో పంపకూడదు. ఆలస్యమైంది, అయినా పోయాలి.”

మా అమ్మాయి నా చేతిలోంచి సీసా తీసుకుంది. మోకాళ్ల మీద కూర్చుని తనూ కాసిని పోసింది. అప్పుడు ఏడ్చింది, చిన్నపిల్లలా వెక్కుతూ. నేను ఆపలేదు. ఆపితే తప్పు అనిపించింది.

తుపాకీ చప్పుడు విని మా ఆయన పైకి ఎక్కి వచ్చారు. ముందుగా అనుకున్నట్టే ఖాళీ సంచులు తెచ్చారు. భుజాన ఇంకో సంచిలో పులిహోర డబ్బా కూడా ఉంది. రొప్పుతూ, ఏదో హాస్యమాడబోతూ వచ్చిన మనిషి, జింకని చూసి ఆగిపోయారు. తర్వాత వంగి, బూట్ల లేసులు విప్పి, రెండు బూట్లూ పక్కన పెట్టి, మేజోళ్లతో ఆ తడి గడ్డి మీద నడిచి వచ్చి, దాని నుదుటిని తాకి ఆ చెయ్యి కళ్లకి అద్దుకున్నారు.

“ఎంత పెద్దగున్నవ్ తండ్రీ,” అన్నారు మెల్లగా. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

మా అమ్మాయి కొమ్ముకి ట్యాగ్ కట్టింది. ఆ తర్వాతి పని పొట్ట తెరవడం. వీడియోలు చూసి నేర్చుకుంది, ముందటి ఏడు రూమ్మేట్ వాళ్ల దగ్గర చూసింది, కానీ తన చేత్తో చేయడం ఇదే మొదటిసారి. కత్తి తను పట్టుకుంది, నేను చర్మం లాగి పట్టుకున్నాను. లోపలి భాగాలు కనబడగానే నాకు భయం పోయింది. కార్జం, గుండెకాయ, బోటి. నాకు తెలిసినవే అన్నీ. “అక్కడ కాదు, కాస్త పక్కన కొయ్యి, చేదు తిత్తి పగలకూడదు,” అన్నాను కానీ జింకకి ఆ చేదు తిత్తే ఉండదట. తను నవ్వింది, ముక్కు ఎగబీలుస్తూనే. మాంసం కోసి సంచుల్లోకి ఎత్తి, ముగ్గురం మోసుకుంటూ కొండ దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అంత బరువు మోస్తూ నేను ఒక్క ఫిర్యాదు చేయలేదు, అది మా ఇంట్లో చరిత్ర.

వాగు దగ్గర ఆగాను. “ముందు నీళ్లు, తర్వాతే గుడారం,” అన్నాను. చావు దగ్గరి నుంచి వచ్చి స్నానం చేయకుండా ఎలా ముట్టుకుంటాం? మా అమ్మాయి వాదించలేదు. ఆ మంచునీళ్లు దోసిళ్లతో తల మీద పోసుకుని ముగ్గురం కెవ్వుమన్నాం.

ఎండ ఉండగానే వంట మొదలుపెట్టాను. కార్జం సన్నగా కోసి, మా ఆయన దాచి తెచ్చిన నూనెలో, ఎండుమిరపకాయలు నలిపి, ఉప్పు వేసి వేపాను. ఉల్లిపాయ లేదు, అల్లం లేదు, నా మసాలా డబ్బా లేదు. వాసన మాత్రం కడుపులోంచి ఆకలిని లాగింది. మూడు కాగితం ప్లేట్లలో మా ఆయన పులిహోర వడ్డించారు. కార్జం వేపుడు పక్కన పెట్టాను. పులిహోరలోకి కార్జం నంజుకున్న కుటుంబం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మాదొక్కటే అయి ఉంటుంది.

మా అమ్మాయి ముక్క తీసుకుంది. నేనూ మా ఆయనా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది. చాలాసేపు నమిలింది. మింగింది.

“ఎట్లుంది బిడ్డా?” అన్నారు మా ఆయన ఆగలేక.

“ఎలా ఉంది అని అడగకు నాన్నా,” అంది. ఇంకో ముక్క తీసుకుంది. ఇంకోటి. ఏళ్ల తర్వాత నా చేతి మాంసం నా బిడ్డ తింటోంది. నేను మొక్కుకున్నది అదే. పొంగిపోవాల్సింది. నా ప్లేటు నా ముందే ఉంది, నా చెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవడం లేదు. పొద్దున నిలబడి గాలి పీల్చిన ఆ ముక్కు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. కొట్టొద్దని మొక్కిన దాన్ని నేను. ఆ రైఫిల్ నా చేతిలో ఉంటే అది ఇప్పుడు ఏ చెట్టు నీడలోనో పడుకుని నెమరు వేస్తూ ఉండేది. చంపగలనో లేదో తెలిసేదాకా తిననంది నా కూతురు. నాకు ఇవాళ తెలిసిపోయింది, నేను చంపలేను. పరీక్ష తనది అనుకున్నాను ఇన్నాళ్లూ.

మా అమ్మాయి నమలడం ఆపి నావైపు చూసింది. నా చేతులు ఎక్కడున్నాయో చూసింది. తనకి చెప్పక్కర్లేకపోయింది.

“అమ్మా, నువ్వు దానికి నీళ్లు పోశావు కదా,” అంది.

జరిగి నా పక్కన కూర్చుంది. నా ప్లేటులోని పులిహోరలో ఒక చిన్న కార్జం ముక్క పెట్టి, చుట్టూ అన్నం అదిమి, తన చిన్నప్పుడు నేను చేసినంత చిన్న ముద్ద చేసింది. ఆ చేతి గోళ్ల అంచుల్లో వాగు నీళ్లకి పోని ఎరుపు ఇంకా ఉంది. నాకు ఆ చేతిని చూస్తే భయమూ వేసింది, దండం పెట్టాలనీ అనిపించింది.

“నోరు తెరువు అమ్మా.”

తెరిచాను.